బదులు లేని పని

ఆ పొద్దు కూడా నిలోఫర్ రాలేదు.

అమల వాకిలి వైపు తల తిప్పుకొని పడుకొని ఉంది. వీధిలో ఎవరి అడుగు వినిపించినా ఆమె ప్రాణం చెవుల్లోకి వస్తోంది. ఆకుకూరల బుట్ట ఎత్తుకున్నామె అరుచుకుంటూ పోయింది. బడిపిల్లల ఆటో హారను కొట్టుకుంటూ పోయింది. పుత్తూరు బస్టాండుకు పోయే జనమంతా పోయినట్టే ఉంది. రావలసిన ఆ ఒక్క మనిషి మాత్రం రాలేదు.

వేడినీళ్ల బకెట్టు, తువ్వాలు పట్టుకొని మునిరత్నం గది గడప దగ్గర నిలబడ్డాడు. సోమవారం నుంచి ఇదే వరస. అతను నీళ్లు తెస్తాడు. ఆమె వద్దంటుంది.

“నేను తుడుస్తా. ఎంతసేపని అట్ల పడుకోనుంటావు,” అన్నాడు.

“మొగానికి గుడ్డ తడిపియ్యి. చాలు.”

“వీపు?”

“రేపొస్తాదిలే నిలోఫరు.”

అతను గుడ్డ తడిపి, పిండి, భార్య చేతికిచ్చాడు. ఆమె ముఖం తుడుచుకునేంతసేపూ గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బకెట్టు తీసుకొని వెనక్కి పోయాడు. పెరట్లో నీళ్లు పారబోసిన చప్పుడు వినిపించింది.

కట్టుకున్నవాడి దగ్గర సిగ్గేమిటని ఎవరైనా అడగొచ్చు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె అతని ముందు నలిగిన చీరతో తిరిగిన మనిషి కాదు. ఇప్పుడు నడుము కింద ఏం జరుగుతున్నదో తనకే తెలియని ఒళ్లు. దాన్ని అతని చేతుల్లో పెడితే, ఆ తర్వాత అతను తనను చూసే చూపు మారిపోతుందని భయం. పిల్లలు లేని ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరి మధ్య ఆ కాస్త మరుగైనా మిగలాలని ఆమె పట్టుదల.

నిలోఫర్ దగ్గర ఆ బాధ లేదు. వచ్చీ రాగానే దుపట్టా నడుముకు చుట్టి, ఊళ్లో సంగతులు చెబుతూ, పిండి పిసికినంత మామూలుగా ఒళ్లు కడిగేది. పక్కకు తిప్పి, వీపూ నడుమూ చూసి, నూనె రాసి, దిండ్లు సర్ది పోయేది. పెళ్లికి ముందు ఆమె ఒక నర్సింగుహోములో ఆయాగా చేసింది. మొగుడు వదిలేశాక తండ్రి మస్తాన్ వలి దర్జీ కొట్లోనే మిషను తొక్కుకుంటూ బతికింది.

పోయిన ఎండాకాలం మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలను వాన చినుకులు పడుతున్నాయని ఎత్తబోయి, మెట్ల మీద కాలు జారి పడింది అమల. తొడ ఎముకకు ఊళ్లోనే కట్టు కట్టారు. కట్టు కట్టిన పెద్దాయన ఆమె వీపు తడిమి చూసి, ఇది నా చేతిలో పని కాదు, ఇప్పుడే తిరుపతికి తీసుకుపొమ్మన్నాడు. తిరుపతిలో డాక్టర్లు అన్నీ చూసి నడుము కింద స్పర్శ ఇక రాదన్నారు. తొడ ఎముక చక్కగా అతుక్కుంది. ఆ కాలుతో నడిచే పని మాత్రం లేకుండా పోయింది.

మునిరత్నానిది మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో గోడౌను పని. ఇంటికొస్తే మాత్రం చేతిలో స్క్రూడ్రైవరు. చిన్నప్పుడు వాళ్ల నాయన రేడియో విప్పి తన్నులు తిన్ననాటి నుంచీ ఉన్న పిచ్చి అది. ఫ్యాను, మిక్సీ, కుట్టుమిషను, గోడ గడియారం, ఏది చెడినా వీధివాళ్లు అతని దగ్గరికే తెచ్చేవాళ్లు. డబ్బులిస్తే తీసుకునేవాడు కాదు. కూలి తీసుకుంటే అది పనైపోతాది, నాకిది పని కాదు అనేవాడు.

ఊరికే చేయించుకొని పోవడం జనానికీ ఇష్టం ఉండదు గదా. ఎదురింటి సిద్ధమ్మ గడ్డి కత్తిరించే మోటారు బాగైతే చెంబెడు పాలు వచ్చేవి. మంగలి షాపులో ఫ్యాను తిరిగితే తలకు క్షవరం అయ్యేది. ఓబయ్య కూరగాయల వ్యానుకు లైట్లు వెలిగితే ఇంటికి బుట్టెడు టమాటాలు దిగేవి. మా ఆయప్ప స్క్రూలు తిప్పి సంసారం తిప్పుతాడని అమల అందరికీ చెప్పి నవ్వేది.

ఆమె మంచాన పడ్డాక అది నవ్వులాట కాకుండా పోయింది. జీతం మందులకే సరిపోయే ఇంట్లో ఆ ఇచ్చిపుచ్చుకోళ్లే ఆధారమయ్యాయి. మస్తాన్ వలి కొట్లోని మిషన్లను మునిరత్నం చూసుకోవాలి, నిలోఫర్ వచ్చి అమలను చూసుకోవాలి. మగవాళ్లిద్దరూ కొట్టు ముందర టీ తాగుతూ ఆ మాట అనుకున్నారు. అమలకు తర్వాత చెప్పారు.

పోయిన వారం మస్తాన్ వలి కొట్టు మూసేశాడు. చూపు మసకబారి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. మిషన్లను నగరిలో ఎవరో కొనుక్కున్నారు. మునిరత్నమే వాటికి చివరిసారి నూనె పోసి, తుడిచి, వ్యాను ఎక్కించి వచ్చాడు. ఆ మాపు అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. ఎన్నేళ్లో తన చేతిలో తిరిగిన మిషన్లు, ఆ దిగులేమోననుకుంది అమల. సోమవారం నుంచి నిలోఫర్ కనపడకపోతే, తండ్రిని కంటి ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటుందిలే అని సరిపెట్టుకుంది.

మునిరత్నం ఫ్యాక్టరీకి పోయాక సిద్ధమ్మ పాలచెంబుతో వచ్చింది. మొగుడు పోయాక రెండావులను నమ్ముకొని బతుకుతున్న ముసలామె. గదిలోకి వస్తూనే ముక్కు చిట్లించింది.

“ఏందో వాసనొస్తా ఉండాది మే.”

దుప్పటి తడిసి ఆరిన వాసనేమోలే అంది అమల. నిలోఫర్ వచ్చి మారుస్తుందంది. తానే తుడుద్దునా అని సిద్ధమ్మ అడిగింది గానీ, బిందెడు నీళ్లు ఎత్తలేని నడుము ఆమెది. అమల వద్దంది. సిద్ధమ్మ చెంబు కింద పెట్టి, మంచం పక్కన స్టూలు మీద కూర్చొని, చాలాసేపు తన చేతివేళ్లు చూసుకుంది. మాట పెగలక కూర్చునే మనిషి కాదు ఆమె.

“ఆ పాప రాదు మే,” అంది చివరికి. “నిన్న మార్కెట్లో కనపడితే అడిగినా. మీ ఆయప్పే రావద్దన్నాడంట.”

అమలకు ముందు అర్థం కాలేదు. ఎవరు రావద్దన్నారని మళ్లీ అడిగింది. సిద్ధమ్మ మళ్లీ అదే చెప్పింది. ఆదివారం మాపటేళ మునిరత్నం వాళ్లింటికి పోయి, ఇంక రాబల్లేదమ్మా, ఇన్నాళ్లూ చేసింది చాలు అని చెప్పి వచ్చాడట. ఎందుకన్నా అని ఆ పిల్ల అడిగితే జవాబు చెప్పకుండా చెప్పులు తొడుక్కున్నాడట.

సిద్ధమ్మ పోయింది. పాలు కాచేవాళ్లు లేక చెంబు అక్కడే ఉండిపోయింది.

అమల పైకప్పు చూస్తూ పడుకుంది. రావద్దన్నందుకు వచ్చిన కోపం కంటే ఇంకొక సంగతి ఆమెను ఎక్కువ కోసింది. రేపొస్తాదిలే అని తను అన్నప్పుడల్లా, ఎదురుగా బకెట్టు పట్టుకొని నిలబడ్డ మనిషికి ఆమె రాదని తెలుసు. తెలిసీ గమ్మున విన్నాడు. నిన్నా విన్నాడు. ఈ పొద్దూ విన్నాడు. వాకిలి వైపు తల తిప్పుకొని తను ఎదురుచూస్తుంటే ఆ గదిలోనే తిరిగాడు.

ఎండ వాలుతున్నప్పుడు మునిరత్నం వచ్చాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పాలచెంబు చూసి, వాసన చూసి, విరిగిపోయినట్టుండాయే అన్నాడు.

“నిలోఫర్‌ను రావద్దని చెప్పినావంట.”

అతను చేతిలోని చెంబును కిటికీలో పెట్టాడు.

“సిద్ధమ్మత్త చెప్పిందా?”

“ఎవరు చెప్తే ఏమి. చెప్పినావా లేదా?”

“చెప్పినాను.”

అతను స్టూలు మీద కూర్చున్నాడు. ఎందుకు చెప్పాడో మెల్లగా, ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. మస్తాన్ వలి దగ్గర ఇంక మిషన్లు లేవు. ఉన్న ఒక్క ఫ్యానూ మొన్ననే బాగుచేసి ఇచ్చాడు. ఆ ఇంటికి తను చేసి పెట్టేది ఇంకేమీ లేదు. చూపు లేని తండ్రిని, తిండి లేని ఇంటిని పెట్టుకొని ఆ పిల్ల ఊరికే వచ్చి ఇంకొకరి ఒళ్లు కడిగి పోతుంటే, ఆమె ముఖం ఎట్లా చూసేదని అడిగాడు. ఇన్నేళ్లలో ఒకరి దగ్గర ఊరికే చేయి చాపింది లేదని అన్నాడు.

“నన్నడిగినావా?” అంది అమల.

“నిన్నేమడిగేది.”

“నా ఒళ్లు కడిగేది ఎవరో నన్నడగబల్లేదా? వాళ్ల మిషన్లకు బదులు నన్ను పెట్టినావు. అప్పుడూ అడగలేదు. ఇప్పుడు మిషన్లు పోయినాయి, నన్ను ఓ మూలకు నెట్టేసినావు. నేనేం మిక్సీనా, నీ బల్ల మీద పెట్టుకోని చూసుకునేదానికి?”

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతను కూడా ఏదో ఒకటి అనేవాడు, పోట్లాట అయ్యేది, తీరిపోయేది. అతను రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

“మిక్సీ అయింటే ఈపాటికి బాగుచేసుండేవాణ్ణి మే,” అన్నాడు.

వీధిలో ఎవరో బండికి కిక్కు కొడుతున్నారు. ఎంతకీ అందుకోవడం లేదు. మామూలుగా అయితే మునిరత్నం ఈపాటికి లేచి బయటికి పోయేవాడు. ఇప్పుడు ఆ చప్పుడు అతనికి వినిపించినట్టే లేదు. బండివాడు విసిగిపోయి దాన్ని తోసుకుంటూ పోయాడు.

అమలకు అతని మీద జాలి వచ్చింది. ఆ జాలి మీద మళ్లీ కోపం వచ్చింది.

“పోయి ఆ పాపను పిలుచుకోని రా,” అంది. “ఇచ్చేది నేనిస్తా.”

“ఏమిస్తావు?”

ఎగతాళిగా అడగలేదు అతను. నిజంగానే తెలియక అడిగాడు. అందుకే అది ఆమెకు ఎక్కడో తగిలింది. దుప్పటిలోంచి రెండు చేతులూ పైకెత్తి అతనికి చూపించింది.

“ఇవి బాగనే ఉండాయి గదా. చీరలకు ఫాలు కుట్టేది, గుండీలకు కాజాలు వేసేది నాకొచ్చు. కొట్టు లేకపోయినా ఊళ్లో చీరలు తెచ్చిస్తే కుట్టిస్తా. వచ్చింది ఆ పాప తీసుకుంటాది. నువ్వొక్కడివేనా ఈ ఇంట్లో ఇచ్చే మనిషివి?”

మునిరత్నం ఆ చేతుల వైపు కొత్తగా చూశాడు. లేచి, కొక్కేనికున్న చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు.

నిలోఫర్ వచ్చేసరికి వీధిలో ఇంకా ఎండ ఉంది. ఆమె గడప దగ్గరే ఆగింది. రోజూ నేరుగా లోపలికి వచ్చి కిటికీ తెరిచే మనిషి, ఆ పొద్దు పిలిచేదాకా నిలబడింది. మునిరత్నం నీళ్లు కాచడానికి వెనక్కి పోయాడు.

అమల ఆమెను దగ్గరికి రమ్మంది. ఆయప్ప మాట మనసులో పెట్టుకోవద్దంది. తాను అనుకున్నదంతా, చీరల సంగతి, ఫాలు సంగతి, కూడబలుక్కొని పెట్టుకున్నట్టు వరసగా చెప్పింది. చెబుతున్న కొద్దీ ఆమెకే నమ్మకం పెరిగింది. నగరి చీరలు అమ్మే వాళ్లను అడిగితే వారానికి ఎన్నో వస్తాయంది. రాజశ్రీ అని తనతో చదువుకున్నామె అక్కడ చీరల అంగట్లో ఉందని, ఆమెకు ఫోను చేస్తానని చెప్పింది.

నిలోఫర్ అడ్డు చెప్పకుండా విన్నది. మంచం కోడు మీద చేయి ఆనించి, కింద చూస్తూ విన్నది.

“అక్కా, నేను రేపు పోతా ఉండాను,” అంది.

“యాడికి?”

“నాయుడుపేటకు. ఆడ కంపెనీలో పని దొరికింది. వాళ్లదే హాస్టలు.”

మిగతాది ఆమె ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. కొట్టు మూసిన మరునాడే కబురొచ్చింది. తండ్రిని నగరిలో చిన్నమ్మ యాస్మిన్ ఇంట్లో వదిలింది. ఇక్కడి ఇల్లు ఖాళీ చేస్తోంది. అక్కకు ఎట్లా చెప్పాలో తెలియక రెండు రోజులు నోరు కట్టుకొని తిరిగింది. ఆదివారం అన్న వచ్చి రావద్దనగానే ముందు బాధేసింది. తర్వాత, చెప్పే పని తప్పిందిలే అని గుండె తేలికైంది. ఆ తేలికైనందుకే ముఖం చూపించలేక ఇటు రాలేదు.

అమల చేతులు ఇంకా దుప్పటి మీదే ఉన్నాయి. వాటిని మెల్లగా లోపలికి తీసుకుంది.

“మంచిదే గదా,” అంది. “ఎన్నాళ్లని ఈ ఊళ్లో.”

“ఈ పొద్దు బాగా స్నానం చేయిస్తా అక్కా. తలకు కూడా పోస్తా.”

నిలోఫర్ కిటికీ తెరిచింది. దుపట్టా నడుముకు చుట్టుకుంది. అలవాటుగా మాటల్లో పడింది. హాస్టల్లో గదికి ఎంతమంది ఉంటారో, అక్కడ అన్నం ఎట్లా ఉంటుందని విన్నదో చెబుతూ, ఒక చేయి భుజం కింద, ఒక చేయి నడుము కింద పెట్టి అమలను గోడవైపు తిప్పింది.

మాట మధ్యలో ఆగిపోయింది.

అమల కళ్లకు ఎదురుగా సున్నం పెచ్చులూడిన గోడ ఉంది. వెనక ఏం జరుగుతోందో ఆమెకు కనపడదు. ఒంటికి తెలియదు. నిలోఫర్ ఊపిరి మాత్రం వినపడుతోంది.

“ఏమైంది?”

వెనక స్టూలు జరిగిన చప్పుడైంది.

“నిలోఫరూ, ఏమైంది చెప్పు.”

“అన్నా,” అని పిలిచింది నిలోఫర్. “ఒకసారి ఈడికి రా.”

ఆయనను పిలవొద్దని అమల అనబోయింది. అప్పటికే మునిరత్నం అడుగులు గదిలోకి వచ్చాయి. మంచం వెనక ఆగాయి. ఆ తర్వాత ఇద్దరి దగ్గర నుంచీ చప్పుడు లేదు. అమల గోడను చూస్తూ ఆ మౌనాన్ని విన్నది. తన ఒంటి మీద ఏముందో వాళ్లిద్దరికీ తెలిసింది, తనకొక్కదానికే తెలియలేదు.

నిలోఫర్ చెప్పింది. నడుము కింద ఎముక మీద పుండు పడింది. అరచేతి అంత ఉంది. మధ్యలో నల్లబడింది. చీము పట్టింది. ఇంట్లో కడిగితే పోయేది కాదు, ఇప్పుడే తిరుపతికి పోవాలి.

“ఇన్ని దినాల్లోనే ఇట్లయితాదా?” అన్నాడు మునిరత్నం.

“తిప్పకుండా వదిలేస్తే ఒక్క రాత్రి చాలన్నా.”

అమల కళ్లు మూసుకుంది. తప్పంతా అతని మీద వేసేద్దామని చూసింది. పడలేదు. సోమవారం అతను బకెట్టు తెచ్చాడు. మంగళవారం తెచ్చాడు. ఏ ఒక్క పొద్దైనా తను సరేనని ఉంటే అతని కళ్లకు కనపడి ఉండేది. అతను మాట దాచాడు, తను ఒళ్లు దాచింది. ఇద్దరి మర్యాదా కలిసి వీపు కింద కుళ్లింది.

నిలోఫర్ పుండు కడిగి గుడ్డ వేసింది. ఎట్లా పట్టుకోవాలో, ఎటు తిప్పాలో చెబుతూ మునిరత్నం చేతులను చోటికి చేర్చింది. అమల గోడవైపే చూస్తూ ఊరుకుంది. వద్దనలేదు.

పని అయ్యాక నిలోఫర్ చేతులు కడుక్కుంటుంటే మునిరత్నం ఆమె ఎదుటికి పోయి నిలబడ్డాడు. నీళ్లచెంబు ఆమె చేతిలో, తువ్వాలు అతని చేతిలో.

“నా తావ ఇచ్చేదానికి ఏమీ లేదమ్మా,” అన్నాడు. “అయినా అడుగుతా ఉండాను. నువ్వు పోవద్దు. ఈమె పుండు మానేదాకన్నా ఉండు.”

వింటున్న అమలకు ఒళ్లంతా, స్పర్శ ఉన్నంత మేరకు, జలదరించింది. అతను ఎవరినీ అట్లా అడగడం ఆమె ఎన్నడూ వినలేదు. తన పెళ్లిలో కూడా అతను నోరు తెరిచి ఏదీ అడగలేదని ఊరంతా చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ మనిషి, మంచినీళ్లకు వచ్చినవాడిలా నిలబడి అడుగుతున్నాడు.

నిలోఫర్ ఔనంటే బాగుండునని అమలకు అనిపించింది. ఎంత గట్టిగా అనిపించిందంటే, అందుకు తన మీద తనకే భయం వేసింది.

“ఆ మాటకు ఇప్పుడు బదులు చెప్పొద్దు పాపా,” అంది గోడవైపు నుంచే. “ముందు ఓబయ్యకు ఫోను చేయమను.”

ఓబయ్య వ్యానులోని టమాటా గంపలు దించేసి, పరుపు వేశారు. సిద్ధమ్మ తన ఇంట్లోంచి మెత్తని బొంత తెచ్చి పరుపు మీద పరిచింది. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకోవడం అమల చూసింది. వీధిలో నలుగురూ చేరి అమలను మంచంతోనే వ్యాను దాకా మోశారు. అందరివీ ఒకప్పుడు మునిరత్నం ఏదో ఒకటి బాగుచేసి పెట్టిన ఇళ్లే.

వ్యాను కదిలేముందు నిలోఫర్ వెనక్కి ఎక్కి అమల తల ఒళ్లో పెట్టుకుంది. ఇంటికాడ సర్దుకునే పని లేదా అని అమల అడిగింది. ఉంది, వచ్చి సర్దుకుంటానంది.

అమలను పక్కకు తిప్పి పడుకోబెట్టారు. పుండు మీద బరువు పడకుండా మునిరత్నం ఆమె నడుమును రెండు చేతులతో ఆనించి పట్టుకున్నాడు. వ్యాను గుంతలో పడినప్పుడల్లా అతని మోచేతులు పక్కరేకుకు కొట్టుకుంటున్నాయి. అతని చేతులు తన ఒంటి మీద ఉన్నాయని తల వంచి చూస్తేనే గానీ ఆమెకు తెలియలేదు. ఒకసారి చూసింది. కొంతదూరం పోయాక మళ్లీ చూసింది. ఉన్నాయి.

వడమాలపేట దాటాక నిలోఫర్ ఫోను మోగింది. ఆమె కాసేపు దాన్ని అట్లాగే పట్టుకొని, తర్వాత చెవి దగ్గర పెట్టుకుంది.

“ఆ సార్. గుర్తుండాది సార్. రేపు పొద్దన్నే బస్సుకు వస్తాను సార్. ఫోటోలు, ఆధార్ కార్డు అన్నీ తెస్తాను.”

ఫోను పెట్టేసింది. అమల తల మీద ఉన్న ఆమె రెండో చేయి కదల్లేదు. మునిరత్నం బయటికి చూస్తున్నాడు. అతను విన్నాడని అమలకు తెలుసు. మంచి పని చేసినావని నిలోఫర్‌తో చెప్పాలనుకుంది. అంతలో ఆమె వంగి నీళ్లు కావాలా అక్కా అని అడిగింది. అమల తల అడ్డంగా ఊపింది.

ఆసుపత్రి చేరేసరికి పొద్దు గుంకుతోంది. స్ట్రెచరు మీదికి మార్చారు. చిన్నవయసు డాక్టరమ్మ గుడ్డ తీసి చూసి, ఏమీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అమలకు. మెత్తగా, ఎన్నాళ్లుగా తిప్పలేదని అడిగింది. మునిరత్నం నేనే మేడమ్, నాదే తప్పు అన్నాడు. డాక్టరమ్మ అది రాసుకోలేదు. రేపు పుండు కోసి శుభ్రం చేయాలని, లోపల ఎముక దాకా పోయిందో లేదో అప్పుడు తెలుస్తుందని, కొన్నాళ్లు ఇక్కడే ఉండాలని చెప్పి పోయింది.

ఆడవాళ్ల వార్డు తలుపు దగ్గర స్ట్రెచరు ఆగింది. తెల్లచీర కట్టుకున్న ఆయమ్మ పెన్ను, పుస్తకం తీసుకొని ఎదురొచ్చింది. పేరు అడిగింది. ఊరు అడిగింది. మునిరత్నం చెప్పాడు. లోపలికి రాబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

“మగోళ్లు లోపల ఉండకూడదప్పా. ఈమెతో ఎవరుంటారు? రాత్రీ పగలూ ఆడమనిషి ఉండాల. తిప్పేది, కడిగేది అంతా వాళ్లే చూసుకోవాల.”

మునిరత్నం ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు. సాయంత్రం నేర్చుకున్న చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. అతను నిలోఫర్ వైపు చూడలేదు. ఒకసారి అడిగినవాడు రెండోసారి అడగలేక నేల చూస్తున్నాడు. నిలోఫర్ స్ట్రెచరు కడ్డీ పట్టుకొని నిలబడి ఉంది.

వెనక ఇంకో స్ట్రెచరు వచ్చి ఆగింది. దాంతో వచ్చినవాళ్లు దారి ఇమ్మంటున్నారు.

“బిర్నా చెప్పండమ్మా, ఆలస్యమైతా ఉండాది,” అంది ఆయమ్మ. “పేరు రాసుకోవాల.”

అమల ముగ్గురినీ కింది నుంచి చూసింది.

“ఎవరూ లేరని రాసుకో తల్లీ,” అంది.

ఆయమ్మ ఆ మాట రాసుకోలేదు. పెన్ను పుస్తకం మీద ఆనించి, తలెత్తి, కడ్డీని వదలకుండా పట్టుకొని నిలబడ్డ నిలోఫర్ వైపు చూసింది.